ఒకే ల్యాబ్, రెండు మందులు: ఒకటి మా మామ్మ కాలికి, ఇంకోటి కోళ్ల దాణాలోకి

ఈ ఎపిసోడ్ ఒక కాగితంతో మొదలుపెడతాను. వీడియోలో చూపించాను, చదివేవాళ్ల కోసం చెప్తున్నా.

పోయిన ఏడాది మా నాన్నకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. చలి జ్వరం, ఒళ్లంతా వణుకు. ఐదు రోజులు మాత్రలు వేసినా తగ్గలేదు. హాస్పిటల్లో చేర్పించాం, కల్చర్ టెస్ట్ చేశారు. రెండు రోజుల తర్వాత రిపోర్ట్ నా చేతిలో పెట్టారు. పైన ఈ-కోలై అని బ్యాక్టీరియా పేరు. కింద ఒక పట్టిక. ఎడమ వైపు మందుల పేర్లు, కుడి వైపు ఒక్కో అక్షరం. ఎస్ ఉంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుంది. ఆర్ ఉంటే లొంగదు. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్ట్ రిపోర్టులు చూసి జీతం తీసుకున్నవాణ్ణి. ఏ కాలమ్ చూసి భయపడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పదహారు మందుల్లో పదకొండింటి పక్కన ఆర్.

అందులో ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. టెట్రాసైక్లిన్, ఆర్. మా నాన్న తలనొప్పికి కూడా మాత్ర వేసుకోని మనిషి. ఆయన టెట్రాసైక్లిన్ మింగినట్టు అమ్మకీ గుర్తు లేదు, ఆయనకీ గుర్తు లేదు. డాక్టర్ గారిని అడిగాను, "వాడని మందుకి రెసిస్టెన్స్ ఎలా వస్తుంది సార్?" అని. ఆయన రౌండ్స్‌లో ఉన్నారు, తొందరలో ఒక్క మాట అన్నారు. "నాన్నగారు వాడలేదమ్మా, బ్యాక్టీరియా వాడింది."

ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. చదువుతూ పోతే కథ ఎక్కడెక్కడికో వెళ్లి, చివరికి భీమవరంలో పుట్టిన ఒక మనిషి దగ్గర తేలింది. అంతకంటే ఆశ్చర్యం, మా మామ్మ కాలు కూడా అదే కథలో ఉంది.

ముందు మామ్మ కాలు సంగతి చెప్తాను.

మాది కోనసీమ. మామ్మకి ఎడమ కాలు బోదకాలు. నేను పుట్టేసరికే అది మోకాలి దాకా స్తంభంలా ఉండేది. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని సబ్బుతో కాలు కడుక్కుని, వేళ్ల మధ్య తడి లేకుండా పాత నూలు గుడ్డతో తుడుచుకునేది. నాకు ఏడేళ్లప్పుడు అనుకుంటా, ఊళ్లో నర్సమ్మ ఒక రిజిస్టర్, ఒక డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పెద్దవాళ్లకి మూడు మాత్రలు, నాకు రెండు. అన్నం తిన్నాకే వేసుకోవాలి, అదీ ఆమె కళ్ల ముందే. మింగాక వేలికి ఇంకు చుక్క. ఓట్ల పండగలాగే ఉండేది మాకు.

మామ్మ అడిగింది, "ఇవి వేసుకుంటే నా కాలు తగ్గుద్దా అమ్మా?" అని. నర్సమ్మ అబద్ధం చెప్పలేదు. "కాలు తగ్గదు మామ్మగారూ. మీ రక్తంలో పిల్ల పురుగులు ఉంటే చస్తాయి. దోమ మిమ్మల్ని కుట్టి ఈ పిల్లోణ్ణి కుట్టినా ఏం కాదు." మామ్మ ఇంకేం మాట్లాడలేదు, మూడూ వేసుకుంది. తర్వాత ఏడాది కూడా వేసుకుంది, ఆ తర్వాత ఏడాది కూడా.

ఆ మాత్ర పేరు డీఈసీ, పూర్తిగా డైఇథైల్‌కార్బమజీన్. మొదట్లో దాని బ్రాండ్ పేరు హెట్రజాన్. 1947లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్ నుంచి బయటికొచ్చింది. మా నాన్న రిపోర్ట్‌లో ఉన్న టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. అది 1948లో వచ్చింది. ఎక్కడి నుంచి? అదే లెడర్లీ ల్యాబ్స్. అప్పుడు ఆ ల్యాబ్‌లో రీసెర్చ్ డైరెక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన గురించి మన యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి, దాదాపు అన్నీ "నోబెల్ ఎందుకు రాలేదు" అనే దగ్గరే తిరుగుతాయి. నేను అటు వెళ్లను. నాకు ఆసక్తి ఆయన తర్వాత ఆ రెండు మందులకీ ఏమైందన్నది. అయినా కాస్త పరిచయం కావాలి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారి పాసయ్యారు. మద్రాసులో మెడిసిన్ చదువుతున్నప్పుడు స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు కోటు వేసుకుని సర్జరీ క్లాసుకి వెళ్లడం అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఆయన చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్. స్ప్రూ అనే జబ్బుకి ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, 1940లో లెడర్లీలో చేరారు.

హెట్రజాన్ కథలో యుద్ధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు పసిఫిక్ దీవులకి వెళ్లారు. అక్కడ దోమలు కుట్టి వేలమందికి ఫైలేరియా లక్షణాలు కనిపించాయి. మన డెల్టాలో తరతరాలుగా ఉన్న రోగం మీద అమెరికాలో అర్జెంటుగా పరిశోధన మొదలవ్వడానికి అది ఒక కారణం. అప్పటిదాకా ఉన్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ లాంటి విషాలు కలిసిన మందులు. లెడర్లీ టీమ్ వరసగా రసాయనాలు తయారు చేసి కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించింది. ఎందుకంటే ఆ జంతువులకి వాటి సొంత ఫైలేరియా పురుగులు ఉంటాయి. ఎలుకలోనూ కుక్కలోనూ పనిచేసిన మందుని ప్యూర్టోరికోలో మనుషులకి ఇచ్చి చూశారు. రక్తంలోని పిల్ల పురుగులు, అంటే మైక్రోఫైలేరియా, మాయమయ్యాయి. తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో పెంపుడు కుక్కలకి గుండెలో పురుగు చేరకుండా కూడా ఇదే మందు వాడారు. మనిషి జబ్బు వేరు, జంతువు జబ్బు వేరు అని మనం అనుకుంటాం గానీ, ఆ ల్యాబ్‌లో అలాంటి గోడ లేదు.

ఇప్పుడు రెండో మందు. ఇది మట్టిలోంచి వచ్చింది.

బెంజమిన్ డగ్గర్ అని ఒక వృక్షశాస్త్రవేత్త. విస్కాన్సిన్ యూనివర్సిటీలో రిటైరయ్యాక, డెబ్భై దాటిన వయసులో లెడర్లీలో చేరారు. మనవాళ్లు "ఇంక తిరుపతి వెళ్లొద్దాం" అనుకునే వయసు. దేశమంతా ఉన్న పాత స్నేహితులకి ఉత్తరాలు రాసి మట్టి తెప్పించుకున్నారు. అందులో ఒకటి మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ల శాన్‌బార్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రం నుంచి, తిమోతి గడ్డి పెంచే ఒక మడిలోంచి వచ్చింది. ఆ మట్టిలో ఒక సూక్ష్మజీవి బంగారు రంగులో పెరిగింది. లాటిన్‌లో బంగారాన్ని ఆరమ్ అంటారు కదా, అలా దాని మందుకి ఆరియోమైసిన్ అని పేరు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆరియోమైసిన్‌ని సుబ్బారావు గారే కనిపెట్టారని చాలా చోట్ల రాస్తారు. కనిపెట్టింది డగ్గర్. ఆ వెతుకులాటని నడిపించిన డైరెక్టర్ సుబ్బారావు గారు. ఈ తేడా చెప్తే ఆయన విలువేం తగ్గదు.

పెన్సిలిన్‌కి లొంగని చాలా రోగాలకి ఇది పనిచేసింది. పైగా ఇంజెక్షన్ అక్కర్లేదు, నోటితో మింగొచ్చు. 1948 జులైలో ప్రపంచానికి చెప్పారు. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే చనిపోయారు, 53 ఏళ్లకే. కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదేదీ ఆయన చూడలేదు.

అదే ఏడాది చివర్లో, అదే ల్యాబ్‌లో థామస్ జూక్స్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లల మీద ఒక ప్రయోగం చేస్తున్నారు. ఆయనతో పాటు స్టాక్‌స్టాడ్ అనే సహచరుడు. యుద్ధం తర్వాత కోళ్ల పెంపకం పెద్ద వ్యాపారమైంది. దాణాలో చేపల పొడి లాంటివి కలపడం ఖర్చు. సోయా లాంటి చవక దాణా వేస్తే పిల్లలు సరిగ్గా ఎదగట్లేదు, బీ-12 విటమిన్ చాలక. దాన్ని చవగ్గా ఎక్కడి నుంచి తేవాలి? ఆరియోమైసిన్ తయారు చేసే పెద్ద పెద్ద తొట్లలో మందు తీసేశాక మిగిలే పిప్పి ఉంటుంది. అందులో బీ-12 ఉండొచ్చని జూక్స్ ఊహ. కొన్ని పిల్లలకి ఆ పిప్పి కలిపారు, కొన్నింటికి వేరేవి. క్రిస్మస్ రోజు, స్టాఫ్‌కి సెలవు కాబట్టి, జూక్స్ ఒక్కరే వచ్చి పిల్లల్ని తూకం వేశారు. పిప్పి తిన్న పిల్లలు మిగతా అన్నిటికన్నా బరువున్నాయి. బీ-12 ఒక్కటే అయితే అంత తేడా రాకూడదు. తర్వాత తేలింది, పిప్పిలో మిగిలిపోయిన కాస్తంత ఆరియోమైసిన్ వల్లే అవి ఎక్కువ పెరుగుతున్నాయని.

మీరు కోళ్ల రైతు అయితే ఏం చేస్తారు? నేనైతే ఆ పిప్పి కొనేవాణ్ణి, నిజంగా. టన్ను దాణాకి కొన్ని గ్రాముల మందు, తక్కువ మేతతో ఎక్కువ మాంసం. 1950లో ఈ సంగతి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. 1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడానికి అనుమతిచ్చింది, పశువుల డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదని. కోళ్లు, పందులు, దూడలు అన్నిటికీ అలవాటైపోయింది. అంటే అప్పటికి నాలుగేళ్ల వయసు కూడా లేని ప్రాణరక్షక మందు ఎరువు బస్తాలా అమ్ముడవుతోంది.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో అప్పటికే ఒకాయన చెప్పారు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, 1945 డిసెంబర్‌లో, నోబెల్ ఉపన్యాసంలోనే. చావని మోతాదులో మందు తగిలితే సూక్ష్మజీవులు దానికి తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించారు. కోళ్ల దాణాలో ఉన్నది అచ్చంగా అదే మోతాదు. రోజూ, కొంచెం కొంచెం, చంపనంత.

ఇంకో సంగతి మట్టిలోనే ఉంది. ఆ బంగారు రంగు సూక్ష్మజీవి ఆ మందుని మన కోసం తయారు చేయలేదు కదా. మట్టిలో పక్కవాళ్లతో పోటీ పడి బతకడానికి చేసుకుంది. అలాగే ఆ పక్కవాళ్ల దగ్గర దాన్ని తట్టుకునే కవచాలూ ఉన్నాయి. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలో టెట్రాసైక్లిన్‌ని తట్టుకునే జన్యువు దొరికిందని 2011లో ఒక పరిశోధన వచ్చింది. మనం మందు తయారు చేయకముందే దాని విరుగుడు భూమిలో ఉందన్నమాట. మనం చేసిందల్లా, ఆ విరుగుడు ఉన్నవాళ్లే బతికేలా ప్రపంచాన్ని మార్చడం.

ఆ విరుగుడు ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళ్తుందో జపాన్‌లో తెలిసింది. 1950లలో అక్కడ రక్త విరేచనాలు పెద్ద సమస్య. షిగెల్లా అనే బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి లొంగకుండా పోయింది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరామ్‌ఫెనికాల్, టెట్రాసైక్లిన్. నాలుగు మార్పులు ఒక్కోటిగా రావాలంటే చాలా కాలం పట్టాలి కదా? 1959లో జపాన్ శాస్త్రవేత్తలు రెసిస్టెన్స్ ఉన్న ఈ-కోలైని, లేని షిగెల్లాని ఒకే గిన్నెలో కలిపి చూశారు. ఈ-కోలై తన దగ్గరున్న నాలుగు విరుగుళ్లనీ ఒకే ప్యాకెట్‌గా షిగెల్లాకి ఇచ్చేసింది. ఆ ప్యాకెట్‌ని ప్లాస్మిడ్ అంటారు. నేను బీటెక్‌లో బయాలజీ చదవలేదు, నాకు అర్థమైన భాషలో చెప్తా. ఇది పిల్లలకి ఆస్తి రాసిచ్చినట్టు కాదు. పక్క ఫోన్‌కి వాట్సాప్ ఫార్వర్డ్ కొట్టినట్టు. పంపినవాడి దగ్గర కాపీ ఉంటుంది, అందుకున్నవాడు ఇంకొకరికి పంపుతాడు. వాళ్లు ఒకే జాతి కూడా కానక్కర్లేదు. పైగా ఒక్క మందు వాడినా ప్యాకెట్ మొత్తం బతుకుతుంది. టెట్రాసైక్లిన్ దాణా వేస్తే, ఎప్పుడూ వేయని స్ట్రెప్టోమైసిన్ విరుగుడు కూడా ఫ్రీగా వ్యాపిస్తుంది.

నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ప్రయోగం 1970లలో జరిగింది. స్టువర్ట్ లెవీ అని బోస్టన్‌లో డాక్టర్. దాణా కంపెనీలు అప్పటికి ఇరవై ఏళ్లుగా అంటున్న మాట ఒకటే, కోళ్లలో ఏం జరిగినా అది మనుషులకి రాదని. లెవీ వాదించలేదు. బోస్టన్ దగ్గర పిల్లలున్న ఒక రైతు కుటుంబాన్ని ఒప్పించి, అప్పుడే పుట్టిన 300 కోడిపిల్లల్ని ఇచ్చారు. సగానికి మామూలు దాణా, సగానికి టెట్రాసైక్లిన్ కుటుంబం మందు కలిపిన దాణా. వారం వారం కోళ్ల రెట్ట, ఆ ఇంటివాళ్ల మలం, పొరుగువాళ్ల మలం, అన్నీ ల్యాబ్‌కి. చదువుతుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంటివాళ్ల ఓపికకి దండం పెట్టాలి.

వారంలోపే మందు తిన్న కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కి లొంగని బ్యాక్టీరియాలే. ఐదారు నెలలకి ఇంటివాళ్ల శాంపిళ్లలో 31 శాతంలో, బ్యాక్టీరియాలో 80 శాతానికి పైగా లొంగనివి కనిపించాయి. పొరుగువాళ్లలో అలాంటి శాంపిళ్లు 7 శాతం లోపే. 1976లో పేపర్ వచ్చింది. ఇంకో పాయింట్ చూడండి. కోళ్లు తిన్నది ఒక్క మందు, మనుషుల్లో దొరికిన బ్యాక్టీరియా దగ్గర ఉన్నవి చాలా మందుల విరుగుళ్లు. ప్యాకెట్ వచ్చేసింది.

"నాన్నగారు వాడలేదు, బ్యాక్టీరియా వాడింది" అన్న మాట నాకు ఈ పేపర్ దగ్గర అర్థమైంది. మా నాన్న ఒంట్లోని ఈ-కోలై తాతముత్తాతలు ఏ కోడిలో, ఏ కాలవలో, ఎవరి కడుపులో ఆ ప్యాకెట్ అందుకున్నాయో ఎవరూ చెప్పలేరు. కానీ ఆయన మందు మింగకుండానే ఆ ఆర్ అక్షరం రావడానికి దారి ఉంది, అది చూపించిన మనుషులున్నారు.

ప్రభుత్వాలు ఏం చేశాయంటే, నిదానంగా చేశాయి. బ్రిటన్‌లో 1969లోనే ఒక కమిటీ చెప్పింది, మనుషుల వైద్యానికి అవసరమైన మందుల్ని జంతువుల్ని లావు చేయడానికి వాడొద్దని. యూరప్ మొత్తం అలాంటి వాడకం ఆపింది 2006లో. అమెరికాలో ఆగింది 2017లో. క్రిస్మస్ తూకం నుంచి లెక్కేస్తే 68 ఏళ్లు. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి మందుని మాంసం, పాలు, గుడ్ల కోసం పెంచే జంతువులకి వాడటం నిషేధించింది. జూక్స్ మాత్రం చివరిదాకా దాణా మందుల్ని సమర్థిస్తూనే ఉన్నారు. ఆయన్ని విలన్ చేయడం నాకిష్టం లేదు. చవగ్గా మాంసం దొరకడం పేదవాడికి మంచిదే అని నమ్మిన మనిషి ఆయన. కానీ 1976 తర్వాత కూడా నమ్మడం మాత్రం నాకు మింగుడు పడదు.

ఇంతవరకు మనుషులు, జంతువులు అయ్యాయి. మూడోది నీళ్లు. దానికి మన దగ్గరికే రావాలి.

నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేసిన రోజుల్లో, ట్రాఫిక్ లేకపోతే అరగంట దూరంలో పటాన్‌చెరు. అక్కడ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు ఉన్నాయని తెలుసు, అంతకుమించి తెలీదు. 2007లో స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఒక పేపర్ వేసింది. అక్కడ దాదాపు 90 ఫ్యాక్టరీల మురుగునీరు ఒకే ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కి వచ్చేది. శుద్ధి చేశాక బయటికొదిలిన నీళ్లలో వాళ్లు మందుల్ని కొలిచారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. అంటే సిప్రో మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఒక్కరోజులో ఆ నీళ్లతో పోతున్న సిప్రో 45 కిలోలు అని లెక్కేశారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత. ఆ నీళ్లు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగు, మంజీర. తర్వాత అక్కడి వాగుల అడుగు బురద పరీక్షిస్తే రెసిస్టెన్స్ జన్యువులు కుప్పలుగా దొరికాయి. కోళ్ల దాణాలో జరిగిందే వాగులో జరిగింది, తినేవాళ్లు మారారంతే.

నాన్న రిపోర్ట్‌లో సిప్రో పక్కన కూడా ఆర్ ఉంది. మేమేం పటాన్‌చెరులో ఉండం, దానికీ దీనికీ ముడిపెట్టలేను. మరోవైపు ఆయన్ని బతికించిన ఇంజెక్షన్ పొడి ఏ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో పుట్టిందో? ప్రపంచానికి చవక మందులిచ్చేది కూడా ఆ ఫ్యాక్టరీలే. అందుకే "మూసేయండి" అని అరవడం తేలిక, "నీళ్లలో ఇంతకి మించి వదలొద్దు" అని అంకె పెట్టడం కష్టం. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అలాంటి అంకెలతో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ అంకెలు లేవు. నాకు ఇందులో కోపం తెప్పించే భాగం ఇదే. సైన్స్ తెలీక జరిగింది కాదు, రాసి మరీ తీసేశారు.

మ్యాప్ మీద వేలు పెట్టి చూస్తే, మంజీర వెళ్లి గోదావరిలో కలుస్తుంది. గోదావరి వెళ్లి సుబ్బారావు గారు పుట్టిన డెల్టాని తడుపుతుంది. అంత దూరం ఆ మందు చేరుతుందని నేను చెప్పట్లేదు. కానీ ఇవాళ భీమవరం అంటే రొయ్యలు. చుట్టూ చెరువులే. రొయ్యల్లో క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల ఆనవాళ్లు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. 2016 నుంచి యూరప్ మన దేశం పంపే సరుకులో సగం కన్సైన్‌మెంట్లని పరీక్షిస్తామంది. యాంటీబయాటిక్ యుగాన్ని నడిపించినవాళ్లలో ఒకరైన మనిషి ఊరు, ఇప్పుడు యాంటీబయాటిక్ లేదని నిరూపించుకుంటే తప్ప సరుకు అమ్ముకోలేదు.

సరే, మరి మొదటి మందు? మా మామ్మ మింగిన హెట్రజాన్ సంగతేంటి?

అది డెబ్భై ఐదేళ్లు దాటినా మన దేశంలో ఫైలేరియా నిర్మూలన కార్యక్రమంలో ప్రధానమైన మాత్రగానే ఉంది. ఒకే ల్యాబ్, ఏడాది తేడా, ఒకదానికి అలా, ఇంకోదానికి ఇలా ఎందుకైంది? కొంత పురుగు గుణం. బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవగలదు, ప్యాకెట్లు పంచుకోగలదు. ఫైలేరియా పురుగు మనిషి ఒంట్లో పిల్లల్ని కంటుంది గానీ, ఆ పిల్లలు అక్కడే పెద్ద పురుగులు కాలేవు. రాత్రిపూట చర్మం దగ్గరి రక్తంలోకి వచ్చి దోమ కోసం ఎదురుచూడాలి, దోమలో కొన్నాళ్లు పెరగాలి, మళ్లీ మనిషిలోకి రావాలి. ఒక్కో తరానికి నెలలు. అందుకే ఆ రోజుల్లో హెల్త్ వాళ్లు రాత్రి తొమ్మిది, పదింటికి వచ్చి వేలు గుచ్చి రక్తం తీసేవాళ్లు, మేం దెయ్యాలు వచ్చాయని దుప్పటి ముసుగేసేవాళ్లం.

కానీ పురుగు నిదానం కాబట్టి రెసిస్టెన్స్ రాదు అనుకుంటే తప్పే. గొర్రెల్ని చూడండి. 1961లో థయాబెండజోల్ అనే నులిపురుగుల మందు వచ్చింది. గొర్రెలకి మందకి మంద, ఏడాదిలో చాలాసార్లు, అవసరమున్నా లేకపోయినా పట్టించారు. కొన్నేళ్లలోనే గొర్రె పొట్టలో రక్తం తాగే పురుగులు దాన్ని లెక్కచేయడం మానేశాయి. మనం స్కూల్లో నమిలిన ఆల్బెండజోల్ ఆ కుటుంబానిదే, గొర్రెల్లో దానికీ అదే గతి పట్టింది. అంటే పురుగు కూడా నేర్చుకుంటుంది, నేర్చుకునేన్ని అవకాశాలు ఇస్తే.

ఊరందరికీ డీఈసీ మింగించడం కూడా ఒత్తిడే, కాదనను. తేడా ఎక్కడంటే, అక్కడ లెక్క ఉంది. పెద్ద పురుగు ఐదారేళ్లు పిల్లల్ని కంటూ బతుకుతుంది కాబట్టి, ఏడాదికోసారి, కనీసం ఐదేళ్లు, ఎవరికి ఎన్ని మాత్రలో రిజిస్టర్‌లో రాసి, కళ్ల ముందు మింగించి, వేలికి ఇంకు పెట్టి, ఒక్క మందు కాకుండా రెండు మూడు కలిపి. తర్వాత పిల్లల రక్తం పరీక్షించి, రోగం లేదని తేలితే పంచడం ఆపేస్తారు. మా ఊళ్లో ఇప్పుడు పంచట్లేదని అత్త చెప్పింది. మా తరంలో మా వీధిలో ఎవరికీ కాలు వాయలేదు.

చివరిగా ఒక విషయం, ఇది చదివినప్పుడు నిజంగా కుర్చీలోంచి లేచాను. ఫైలేరియా పురుగు ఒంట్లో ఒక బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, పేరు వొల్బాకియా. అది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదు. దాన్ని చంపే మందు డాక్సీసైక్లిన్, అంటే టెట్రాసైక్లిన్ కుటుంబంలోదే, ఆరియోమైసిన్‌కి మనవడి లాంటిది. నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే పెద్ద పురుగు గొడ్రాలైపోయి మెల్లగా చస్తుంది. లెడర్లీలో ఏడాది తేడాలో బయటికొచ్చిన రెండు మందుల దారులు యాభై ఏళ్లు దాటాక ఒకే పురుగు ఒంట్లో కలిశాయి. అన్ని వారాలు, చిన్నపిల్లలకీ గర్భిణులకీ ఇవ్వకూడని మందు కాబట్టి ఊరందరికీ పంచలేరు. అయినా బోదకాలు మీద ఆ దారి ఒకటి తెరిచి ఉంది.

మామ్మ 2016లో పోయింది, అదే కాలితో.

నాన్నకి మిగిలిన ఐదు ఎస్‌లలో ఒక ఇంజెక్షన్ ఎంచి, రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు ఇచ్చారు. నాలుగో రోజుకే జ్వరం పోయింది, ఇంటికెళ్లిపోదామని గొడవ చేశారు. డాక్టర్ ఏడో రోజు దాకా కదలనివ్వలేదు. ఇంటికొచ్చిన సాయంత్రం నా ల్యాప్‌టాప్ బ్యాగులో చార్జర్ వెతుకుతూ ఒక పాత స్ట్రిప్ బయటికి తీశారు. రిలీజ్ డేట్ దగ్గరపడి గొంతు నొప్పి వస్తే, నేనే మెడికల్ షాపులో పేరు చెప్పి అడిగి కొనుక్కున్నవి. నాలుగు వేసుకుని మానేశాను.

"ఇవేంట్రా?" అన్నారు.

"డాక్సీ నాన్నా."

అటూ ఇటూ తిప్పి చూశారు. "ఆరు అలాగే ఉన్నాయే?"

నేను చార్జర్ తీసుకుని లోపలికెళ్లిపోయాను.